గుండీ ఫేడర్

జూన్ 3

గిలకా,

ఈ ఉత్తరం కంటే ముందే నీ స్టూడియోకి ఒక బరువైన అట్టపెట్టె వచ్చి ఉంటుంది. మోసుకొచ్చినవాడు తిట్టుకునే ఉంటాడు, నువ్వు మాత్రం తిట్టుకోకు. అందులో ఉన్నది నా ఫేడర్ల పెట్టె. నేను పని మానేసే రోజుదాకా నా చేతుల కింద ఉన్నది అదే.

మీ నాన్న మొన్న వచ్చి నీ గురించి ఒకటే ఊదరగొట్టాడు. "మా అమ్మాయి సినిమా శబ్దాలన్నిటినీ మౌస్‌తో మిక్స్ చేసేస్తుందక్కా! స్క్రీన్ మీద గీత గీసి, గీత మీద చుక్క పెట్టి, ఆ చుక్కని పట్టుకుని పైకీ కిందికీ లాగుతుంది" అన్నాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఒక్క మౌస్‌తో ఒకసారికి ఒక్క చుక్కే కదా లాగగలవు? మరి మిగతా వేళ్లన్నీ ఎందుకున్నాయే నీకు, ఉంగరాలు పెట్టుకోడానికా?

ఈ పెట్టె ఏం చేస్తుందో రాస్తాను. నీకు తెలియదని కాదు. ఈ ఉత్తరం పోస్ట్ చేసేది మీ నాన్న, విప్పి చదవకుండా ఉండడు, వాడికైనా తెలుస్తుంది. దీని మీద ఎనిమిది ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిగే మీటలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో శబ్దానికి. పైకి తోస్తే పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. పాట నడుస్తుంటే నువ్వు వేలు పెట్టి కదిపిన ప్రతి కదలికనీ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ మొదటినుంచి వేస్తే ఫేడర్ల కింద ఉన్న మోటార్లు నీ చెయ్యి ఎలా కదిలిందో అచ్చం అలాగే వాటిని కదుపుతాయి. ఎక్కడైనా నచ్చలేదనుకో, అక్కడ వేలు పెట్టి సరిచెయ్యి. వేలు తియ్యగానే అది మళ్లీ తన పాత దారిన పోతుంది. ఇంత మర్యాదస్తురాలైన యంత్రాన్ని నేను ఇంకోదాన్ని చూడలేదు.

సెప్టెంబరులో మీ పెద్ద మిక్సింగ్ గదిలో కుర్చీ ఖాళీ అవుతుందనీ, డైరెక్టర్ ఎదురుగా కూర్చుని ఒక రీలు మిక్స్ చేసి మెప్పించినవాళ్లకే అది ఇస్తారనీ విన్నాను. ఆ కుర్చీలో మనింటి పిల్ల కూర్చోవాలి. నాకు ఇంకో మాట లేదు.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో గొంతుని పిండి పిప్పి చేసి పంపిస్తారు, నాకది వినబుద్ధి కాదు. ఉత్తరమే రాయి.

నీ అత్తయ్య

జూన్ 14

అత్తయ్యా,

పెట్టె క్షేమంగా చేరింది. చాలా బాగుంది. ఎనిమిది ఫేడర్లూ కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. మా గదిలో అందరూ మెచ్చుకున్నారు. నీకు చాలా చాలా థాంక్స్.

పరీక్ష సంగతి నిజమే. నేనూ, మా పక్క గదిలో పనిచేసే అతనూ పోటీలో ఉన్నాం. వారమంతా గళ్లచొక్కాలే వేసుకొస్తాడు, అందుకని అందరం అతన్ని గళ్లచొక్కా అనే పిలుస్తాం. మౌస్ పట్టాడంటే అతని చెయ్యి కనబడదు, అంత వేగం. మంచివాడు కూడా, అదే నాకు ఇబ్బంది. చెడ్డవాడైతే హాయిగా ఓడించాలనుకునేదాన్ని.

మాకు ఇచ్చిన రీలు ఒక లాండ్రీలో జరుగుతుంది. పెద్ద పెద్ద ఉతికే మిషన్లు తిరుగుతుంటాయి, నీళ్లు పారుతుంటాయి, ఆవిరి బుస్సుమంటుంటుంది. ఆ గోలలో అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుంటారు. చెల్లెలు ఊరు వదిలి వెళ్లిపోతోంది. చివర్లో అక్క మెల్లగా "ఉండిపో" అంటుంది. సినిమా అంతా ఆ ఒక్క మాట కోసమే తీశారు. అది వినబడాలి, కానీ ఆవిడ అరిచినట్టు ఉండకూడదు. మిషన్లు ఆగినట్టు కూడా ఉండకూడదు.

నేను ఇప్పటిదాకా చేసిన మిక్స్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టి ఈ కవర్‌లోనే పంపిస్తున్నాను. విని చెప్పు. ముఖ్యంగా మాటల్లో 'స'లూ 'శ'లూ చెవికి గుచ్చుకుంటున్నాయేమో చూడు. ఆవిరి శబ్దంతో కలిసిపోతున్నాయని నా అనుమానం. ఈ ఊళ్లో వంద మంది చెప్పినా నాకు నమ్మకం కుదరదు, నువ్వు చెప్తే కుదురుతుంది.

నీ గిలక

జూన్ 22

ఒసేయ్ గిలకా,

ఎనిమిది ఫేడర్లూ తళతళలాడుతున్నాయా? ఎనిమిదో ఫేడర్‌కి పైన వేలు ఆనించే నాబే లేదు! ఎప్పుడో విరిగిపోతే, నా పాత కోటు గుండీ ఒకటి దానికి అతికించాను. నల్లటి, లావుపాటి, నాలుగు చిల్లుల గుండీ. పెట్టె తెరిచినవాళ్లకి ముందు కనబడేది అదే. నువ్వు తెరవనే లేదు. అట్టపెట్టె మీద కాఫీ కప్పు పెట్టుకుంటున్నావా?

పోనీ, ఆ గుండీ సంగతి విను. విరిగినప్పుడు కొత్త నాబ్ తెప్పిస్తామన్నారు, నేనే వద్దన్నాను. మనుషుల మాటలున్న ట్రాక్‌ని ఎప్పుడూ ఆ ఎనిమిదోదాని మీదే పెట్టుకునేదాన్ని. కళ్లు తెరమీద ఉండగానే వేలు తడిమితే గుండీ తగిలేది, ఇదే మాట అని తెలిసేది. కంప్యూటర్ వైపు చూడనక్కర్లేదు. తెరమీద ఆ మనిషి ముఖం చూస్తూ ఆ మనిషి గొంతుని చేత్తో పట్టుకోవడం ఎలా ఉంటుందో నీకు నేను మాటల్లో చెప్పలేను. నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు చేతికి దొరికిన ప్రతి వస్తువునీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేదానివి. డబ్బాలు, తాళాలు, మీ నాన్న కళ్లజోడు, అన్నీ. గిలక్కాయ పిల్లవని గిలక అని పేరు పెట్టింది నేనే. ఆ గిలక ఇప్పుడు చుక్కలు లాగుతూ కూర్చుందంటే నాకెలా ఉంటుంది?

తెరువు. వెంటనే తెరువు.

పెన్ డ్రైవ్ అందింది. దాని సంగతి తర్వాత.

కోపంగా ఉన్న నీ అత్తయ్య

జూలై 2

అత్తయ్యా,

పట్టేశావు. తెరవలేదు. కాఫీ కప్పు మాత్రం పెట్టలేదు, వాటర్ బాటిల్ పెట్టాను.

ఎందుకు తెరవలేదో చెప్తాను, కోప్పడకు. ఆ పెట్టె చూడగానే నా ముఖం చిన్నబోయింది. నా పని ఒక్కటైనా వినకుండానే, నాకు పని రాదని నువ్వు నిర్ణయించేసుకున్నావనిపించింది. నాన్న చెప్పిన ముక్క పట్టుకుని అంత బరువు పంపించేశావు. నేను మౌస్‌తో చేసిన మిక్స్‌లకి జనం చప్పట్లు కొట్టారు అత్తయ్యా. చుక్కలు లాగడం కూడా పనే.

అయినా నీ ఉత్తరం చదివాక ఆగలేకపోయాను. తెరిచాను. గుండీ చూసి నవ్వుకున్నాను, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. కంప్యూటర్‌కి తగిలించగానే ఎనిమిది ఫేడర్లూ ఒక్కసారి లేచి, నేను ముందే మౌస్‌తో గీసిన గీతల ప్రకారం వాటంతటవే నడవడం మొదలుపెట్టాయి. గళ్లచొక్కా వచ్చి నోరు తెరుచుకుని చూశాడు.

అంతవరకూ బాగానే ఉంది. వేలు పెట్టి సరిచేద్దామంటే మాత్రం నాతో కుస్తీ పడుతోంది. నేను పైకి తోస్తుంటే అది కిందికి లాగుతోంది. బలంగా పట్టుకుని రీలంతా చేశాను. వెనక్కి తిప్పి వేసి చూస్తే నేను చేసింది ఒక్కటి కూడా లేదు, పాత గీతలే నడుస్తున్నాయి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. ఇన్నాళ్లూ వాడకుండా ఉంచావు కదా, లోపల ఏదైనా పాడైందేమో? తప్పుగా అనుకోకు, ఊరికే అడుగుతున్నాను.

రెండో మిక్స్ కూడా పంపిస్తున్నాను, మౌస్‌తోనే చేసింది. మొదటిదాని గురించి నువ్వేమీ రాయలేదు.

నీ గిలక

జూలై 11

గిలకా,

పాడైందా? నా పెట్టా?

కట్టి పంపించే ముందు దాన్ని విప్పి, ఒక్కో ఫేడర్ సందులోంచీ దుమ్ము తీసి, ఒక్కో మోటారూ తిరుగుతోందో లేదో చూసి, మీ నాన్న చేత మెట్లు దింపించి పంపాను. వాడి నడుం పట్టేసింది కానీ పెట్టెకి ఏమీ కాలేదు. లోపం నీ పట్టులో ఉంది. బలంగా పట్టుకున్నానని నువ్వే రాశావు. ఎందుకే బలం? పిండి పిసుకుతున్నావా? ఫేడర్‌ని పట్టుకోకూడదు, వేలు ఆనించాలి అంతే. నిద్రపోతున్న పిల్ల నుదురు తాకి జ్వరం ఉందేమో చూస్తామే, అలా. దానితో పోట్లాడితే అదీ పోట్లాడుతుంది.

ఒకప్పుడు మా స్టూడియోకి పెద్ద పెద్దవాళ్లు వచ్చి, తెర వదిలేసి నా చేతుల వైపు చూస్తూ నిలబడేవాళ్లు. గొప్ప చెప్పుకోవడం కాదు. సరే, గొప్ప చెప్పుకోవడమే. నాకు పని వచ్చు, చెప్పుకుంటే తప్పేంటి? నీకూ వస్తుంది. కానీ నువ్వు ఆ పెట్టెని నమ్మడం లేదు, నన్నూ నమ్మడం లేదు.

రోజూ కాసేపు దాని మీద కూర్చో. కుస్తీ మానెయ్.

నీ అత్తయ్య

జూలై 25

అత్తయ్యా,

నమ్మకం గురించి నువ్వు మాట్లాడుతున్నావా?

రెండు పెన్ డ్రైవ్‌లు పంపాను. రెండు ఉత్తరాల్లో అడిగాను. మాటలు ఎలా ఉన్నాయి, 'స'లు గుచ్చుకుంటున్నాయా, ఆవిరి ఎక్కువైందా అని. నువ్వు పెట్టె గురించి రాశావు, గుండీ గురించి రాశావు, నాన్న నడుం గురించి కూడా రాశావు. నా మిక్స్ గురించి ఒక్క ముక్క రాయలేదు. బాగోలేదని చెప్పినా పడతాను, ఎక్కడ బాగోలేదో చూసుకుంటాను. ఏమీ చెప్పకపోతే ఏమనుకోవాలి? మాట్లాడటానికి కూడా పనికిరాదనుకున్నావా?

నాకు ఆ కుర్చీ కావాలి. దాచుకోవడం ఎందుకు, చాలా కావాలి. కానీ దానికంటే ముందు నాకు నీ నోటి నుంచి ఒక్క మాట కావాలి. చిన్నప్పుడు మీ స్టూడియోలో, నీ కుర్చీ వెనక నేల మీద కూర్చుని నీ భుజాలే చూసేదాన్ని. సీన్ బాగా వస్తే నీ భుజాలు కిందికి దిగేవి. ఆ భుజాలు నా పని విని ఒక్కసారి దిగాలి. అంతకంటే నేనేమీ అడగడం లేదు.

పెట్టెతో ప్రతిరోజూ కూర్చుంటున్నాను. కుడిచెయ్యి మౌస్ మీద పెట్టుకుని, ఎడమచేత్తో ఫేడర్‌ని నువ్వు చెప్పినట్టు మెల్లగానే తాకుతున్నాను. ఇంకా అధ్వాన్నంగా ఉంది, నేను తాకినట్టే దానికి తెలియడం లేదు. రోజూ సాయంత్రం ఇంటికెళ్లి వయొలిన్ వాయిస్తే తప్ప కోపం దిగడం లేదు. ఎంత వాయిస్తున్నానంటే ఎడమచేతి వేళ్ల చివర్లు కాయలు కాసి రాళ్లలా అయిపోయాయి.

పెట్టె తిరిగి పంపించేస్తాను. నాకు రాని విద్య నాకొద్దు.

గిలక

ఆగస్టు 3

గిలకా, గిలకా,

పెట్టె పంపకు! కట్టేసి ఉంటే విప్పు!

నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు, ఆ తర్వాత నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అడగలేదు. ఏ చేత్తో ముట్టుకుంటున్నావే అని.

ఆ ఫేడర్‌కి నీ బలం తెలియదు, నీ చర్మం తెలుస్తుంది. వేలిలో ఉండే కాస్త తడిని బట్టి ఎవరో ముట్టుకున్నారని గ్రహించి మోటారుని ఆపుతుంది, అప్పుడే నీ కదలికని రాసుకుంటుంది. తీగల మీద అరిగి కాయలు కాసిన వేళ్లలో తడి ఏముంటుంది? చెక్కముక్క తగిలినట్టుంటుంది దానికి. దాని లెక్కలో ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి, నువ్వు మౌస్‌తో గీసిన పాత గీతల వెంటే పోతోంది పాపం. నువ్వేమో అది నీతో పోట్లాడుతోందనుకున్నావు. నేనేమో నువ్వు దానితో పోట్లాడుతున్నావని తిట్టాను. పెట్టెలో లోపం లేదు, నీలోనూ లేదు. నా తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పిండి పిసకడం గురించి రాసింది మాత్రం తీసుకోను, అది బాగా రాశాను.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. మౌస్‌ని తీసి సొరుగులో పడెయ్. కుడిచేతి వేళ్లు ఫేడర్ల మీద పెట్టు, అవి కమాను పట్టే వేళ్లు, మెత్తగానే ఉంటాయి. ఎడమచేతిలో బొటనవేలు వాడు. అది వయొలిన్ మెడ వెనకాల ఉంటుంది కదా, దానికి కాయ కాయదు. పనికి కూర్చునే ముందు చేతులు తడిగుడ్డతో తుడుచుకో.

ఇంకో సంగతి. "ఉండిపో" అనే మాట దగ్గర నేనైతే ఏం చేస్తానో చెప్తాను. గొంతు మొదలయ్యేదాకా ఆగుతాను. మొదటి అక్షరం వచ్చాక, అప్పుడు గుండీని పైకి తీసుకెళతాను. ముందే లేపితే దొరికిపోతాం. మాట అయిపోగానే మెల్లగా దింపేస్తాను. నా జీవితమంతా చేసింది అదే.

నీ మిక్స్ గురించి అడిగావు. పరీక్ష అయ్యాక చెప్తాను. అంతవరకూ అడగొద్దు. కోపం కాదు, చులకన అసలే కాదు. నా మీద ఒట్టు.

నీ అత్తయ్య

సెప్టెంబరు 16

అత్తయ్యా,

కూర్చుని చదువు. నాన్న పక్కనుంటే వాడినీ కూర్చోమను. నాన్నని 'వాడు' అన్నాను చూడు, నీ ఉత్తరాలు చదివి చదివి నాకూ అదే వచ్చేసింది!

కుర్చీ నాకిచ్చారు.

మొదట్నుంచీ చెప్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజే మౌస్ సొరుగులో పడేశాను. కుడిచూపుడు వేలు అలా ఆనించానో లేదో, ఫేడర్ టక్కున ఆగింది. నా వేలి కోసమే చూస్తున్నట్టు ఆగింది. నేను కదిపితే కదిలింది, వదిలితే తన దారిన పోయింది. ఆ రోజు భోజనం సంగతే మర్చిపోయాను. గళ్లచొక్కా తలుపు దగ్గర నిలబడి "నేనోసారి చూడొచ్చా?" అని అడిగాడు. ఇచ్చాను. మర్నాటి నుంచి అతని బల్ల మీద కూడా తడిగుడ్డ ప్రత్యక్షమైంది.

పరీక్ష రోజు ముందు అతను చేశాడు. చాలా బాగా చేశాడు, కుర్చీ ఇక అతనిదే అనుకున్నాను. తర్వాత నేను. డైరెక్టర్ గారు వెనక సోఫాలో కూర్చున్నారు, మా స్టూడియో పెద్దాయన ఆవిడ పక్కన. రీలు మొత్తం వేశాను. నేనేమీ ముట్టుకోలేదు, ఫేడర్లే నా నెల రోజుల పనినీ చేసి చూపించాయి. అయిపోయాక ఆవిడ, "చెల్లెలు తలుపు దాకా నడిచే చోట ఆవిరి ఇంకాస్త ఒంటరిగా ఉండాలి" అన్నారు.

ఒంటరిగా ఉండే ఆవిరి ఎలా ఉంటుందో నువ్వు చెప్పు అత్తయ్యా! మౌస్ ఉంటే ఆపి, వెతికి, చుక్కలు పెట్టి, "ఇలాగా అండీ" అని అడిగేదాన్ని. ఇప్పుడు వెనక్కి తిప్పి వేశాను, ఆ అమ్మాయి నడకని చూశాను, చేతులు వాటంతటవే వెళ్లాయి. మిషన్లూ నీళ్లూ కుడిచేతి కింద తగ్గిపోయాయి, ఆవిరి ఎడమ బొటనవేలి కింద అలా మిగిలిపోయింది. తలుపు దగ్గర వేళ్లు తీసేశాను, అన్నీ మళ్లీ తమ చోటికి వచ్చేశాయి. ఆవిడ "అదే" అన్నారు. ఒక్క మాట. పెద్దాయన నా చేతుల వైపు చూసి, "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు. "మా మేనత్త దగ్గర" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో నువ్వు వినుంటే బాగుండేది.

ఒక్క విషయం. "ఉండిపో" దగ్గర నువ్వు నేర్పినట్టు చెయ్యలేదు. చేసి చూశాను, నాకు కుదరలేదు, వేరేగా చేశాను. ఏం చేశానో చెప్పను. మొత్తం పనిని, ట్రాక్‌లతో సహా, ఫేడర్ల కదలికలతో సహా, పెన్ డ్రైవ్‌లో పెట్టి పంపిస్తున్నాను. నువ్వే విను. ఒట్టు వేశావు, పరీక్ష అయిపోయింది. ఇక చెప్పాలి.

నీ గిలక

సెప్టెంబరు 29

గిలకా,

"మిక్సర్ గారికి" అని మొదలుపెట్టి కొట్టేశాను. నాకు నువ్వు గిలకవే.

మీ నాన్న వీధంతా చాటింపు వేశాడు. నేను గుంభనంగా ఉన్నాననుకోకు. మెట్ల మీద ఎదురైనవాళ్లందరినీ ఆపి చెప్పాను. కింది అంతస్తు ఆవిడకి రెండుసార్లు చెప్పానట, ఆవిడే గుర్తుచేసింది.

ఇక నీకు చెప్పాల్సిన మాట. నాకు 'స'ల్లాంటి సన్నటి పై స్థాయి శబ్దాలు వినబడవే గిలకా. నేను చేసిన ఆఖరి సినిమాలో, "మేడమ్, మాటలు సూదుల్లా గుచ్చుకుంటున్నాయి" అన్నాడు ఆ డైరెక్టర్. నాకు గుచ్చుకోలేదు. వినబడటం లేదని నేనే పెంచుకుంటూ పోయానన్నమాట. చెవుల డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ కాగితం మీద ఒక గీత చూపించింది. కొంతదూరం బారుగా వెళ్లి అక్కడినుంచి జారిపోయింది, ఎవరో ఫేడర్ కిందికి లాగేసినట్టు. ఆ రోజే పని చాలించాను. విసుగొచ్చి మానేశానని అందరికీ చెప్పాను, మీ నాన్నకి కూడా. ఫోన్ వద్దనడం కూడా అందుకే, సగం మాటలు జారిపోతాయి.

నీ పెన్ డ్రైవ్‌లు విన్నాను. ఎన్నిసార్లు విన్నానో. నువ్వు 'స'ల గురించే అడిగావు. సరిగ్గా నాకు లేని చోటు గురించే అడిగావు. బాగుందని అబద్ధమాడటానికి నోరు రాలేదు. నువ్వు బాధపడుతున్నావని తెలిసి కూడా నిజం చెప్పడానికి సిగ్గుపడ్డాను. నా చెవుల మీద నాకు ఎంత గర్వమో నీకు తెలుసు కదా.

ఈసారి నువ్వు పంపింది తీసుకుని మా పాత స్టూడియోకి వెళ్లాను, మీ నాన్నని తోడు తీసుకుని. అక్కడిప్పుడు కొత్త ఫేడర్ల బల్ల పెట్టారు. దాన్ని చూసుకునే అమ్మాయి నీ పని అందులోకి ఎక్కించి, నన్ను నా పాత చోటులో కూర్చోబెట్టింది. "సౌండ్ ఎంత పెట్టమంటారు మేడమ్?" అని అడిగింది. "పూర్తిగా ఆపెయ్యమ్మా" అన్నాను. ఆ పిల్ల మీ నాన్న వైపు చూసింది, మీ నాన్న నా వైపు చూశాడు. ఆపేసింది.

తెరమీద బొమ్మ నడిచింది. నా ఎదురుగా ఎనిమిది ఫేడర్లూ నడిచాయి. గదిలో చప్పుడే లేదు, నేను చూస్తూ కూర్చున్నాను. మిషన్లు ఎక్కడ ఊపందుకున్నాయో చూశాను. ఆవిరి ఒంటరిగా మిగలడం చూశాను, అవునే, ఒంటరిగానే ఉంది. మీ నాన్న "ఏం వినబడుతోందక్కా?" అన్నాడు. నోరు మూసుకుని చూడమన్నాను.

"ఉండిపో" వచ్చేసరికి నేను ఎనిమిదోదాని మీదే కళ్లు పెట్టుకున్నాను. గుండీ లేకపోతేనేం, చోటు అదే కదా. అక్కడ నేనైతే ఎత్తుతాను. అది కదల్లేదు. మోటారు పోయిందని ఆ అమ్మాయి మీద విసుక్కున్నాను. "అది బాగానే ఉంది మేడమ్, ఆవిడ అలాగే చేశారు" అంది. వెనక్కి తిప్పించి మళ్లీ చూశాను. అప్పుడు కనబడింది. అక్క ఇంకా నోరు తెరవలేదు, ఊపిరి తీసుకుంటోంది అంతే. ఆ ఊపిరి దగ్గర మిగతా ఏడూ కలిసి వెంట్రుకవాసి కిందికి దిగాయి. ఆవిడ మాట అంది. మాట ఉన్నచోటే ఉంది, చుట్టూ ఉన్నవన్నీ దానికి దారిచ్చాయి. తర్వాత ఎవరికీ తెలియకుండా లేచి నిలబడ్డాయి.

నేను జీవితమంతా మాటని ఎత్తాను. దాన్ని ఎత్తకుండా వినిపించవచ్చని నాకు తట్టనే లేదు. నా చెయ్యి నీ చేతిలో ఎక్కడో ఒకచోట కనబడుతుందని ఆశపడి వెళ్లాను. మొదటినుంచి చివరిదాకా వెతికాను, ఎక్కడా లేదు. అది పూర్తిగా నీ చెయ్యి. నా పని మీద కూడా నాకు ఎప్పుడూ ఇంత గర్వం కలగలేదు.

నీ 'స'లు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. నీకు తెలుసు, ఇక నన్ను అడగక్కర్లేదు.

బయటికి వచ్చాక మీ నాన్న ఒక మాట చెప్పాడు. నా భుజాలు దిగాయట.

నీ అత్తయ్య